ఒకరు సముద్రం దాటినా బిడ్డకు ఇద్దరూ ఉండాలి



ఆరోగ్య పుస్తకంలో భార్యాభర్తల ఎడబాటు గురించి పాఠం ఏమిటని మీరు అనుకోవచ్చు. పిల్లల వార్డులో పనిచేసే మాకు ఇది ఆరోగ్య విషయమే. కడుపునొప్పి అని, తలనొప్పి అని, ఏడేళ్ళు వచ్చాక మళ్ళీ పక్క తడుపుతున్నాడని పిల్లలను తీసుకొస్తారు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగ్ అన్నీ సరిగానే ఉంటాయి. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగినప్పుడు, "వాళ్ళ నాయిన మస్కట్‌ల ఉంటడు సిస్టర్, వీళ్ళకు వాళ్ళకు మాటల్లేవు" అని తోడు వచ్చిన అమ్మమ్మ మెల్లగా చెబుతుంది. సగం జబ్బు అక్కడే అర్థమవుతుంది.

ఈ పాఠంలో మూడు సంగతులు తెలుసుకుందాం. విడిపోయిన తల్లిదండ్రులలో ఒకరు విదేశం వెళ్ళినప్పుడు బిడ్డ ఒంట్లో, మనసులో ఏం జరుగుతుంది? వెళ్ళే ముందు ఏమేమి మాట్లాడుకొని కాగితం మీద పెట్టుకోవాలి? చట్టం, ఆసుపత్రి మనకు ఏ విధంగా తోడ్పడతాయి?

రెండు దూరాలు

షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ వారికి విదేశం కొత్త మాట కాదు. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు ఆలయంలోని దేవునికి "వీసా బాలాజీ" అనే పేరే వచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మన పొరుగునే మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుండి మగవారు దుబాయ్, సౌదీ, మస్కట్ వెళ్ళడం, కడప, గోదావరి జిల్లాల నుండి స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్ళడం ఎన్నో ఏళ్ళుగా ఉంది. చదువుకున్నవారు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దారి పడుతున్నారు.

కలిసి ఉన్న దంపతులలో ఒకరు వెళితే, ఇంట్లో వారి పేరు రోజూ వినబడుతుంది. "నాయిన వచ్చేటప్పుడు సైకిల్ తెస్తడు" అని తల్లి అంటుంది. గోడ మీద ఫోటో ఉంటుంది. విడిపోయిన దంపతులలో ఒకరు వెళితే ఆ పేరు ఎత్తరు. ఫోటో తీసేస్తారు. బిడ్డ అడిగితే మాట మార్చేస్తారు. అందువలన ఆ బిడ్డకు రెండు దూరాలు ఏర్పడతాయి. ఒకటి సముద్రం, రెండవది ఇంట్లోని మౌనం. మొదటి దూరాన్ని మనం తగ్గించలేము. రెండవ దానిని తగ్గించడం పూర్తిగా పెద్దల చేతిలో ఉంది. ఈ పాఠమంతా ఆ రెండవ దూరం గురించే.

వయసును బట్టి బిడ్డ ఎలా ఉంటాడు

మూడేళ్ళలోపు: ఈ పిల్లలకు రేపు, వచ్చే నెల అనేవి తెలియవు. కనబడని మనిషిని త్వరగా మరచిపోతారు. అయితే గొంతును, ముఖాన్ని తరచుగా చూపిస్తే గుర్తు పెట్టుకుంటారు. వీరికి వారానికి ఒక గంట కంటే రోజుకు మూడు నిమిషాలు మేలు.

మూడు నుండి ఆరేళ్ళు: తన వల్లనే ఇలా జరిగిందని బిడ్డ అనుకునే వయసు ఇది. "నేను అన్నం తినలేదని అమ్మ పోయింది" అని నమ్ముతారు. పక్క తడపడం, వేలు చీకడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, పెంచేవారి కొంగు వదలకపోవడం కనిపిస్తాయి.

ఏడు నుండి పదకొండేళ్ళు: ఇద్దరిలో ఎవరి పక్షం అనే భారం వీరిపై పడుతుంది. తండ్రితో నవ్వుతూ మాట్లాడితే తల్లికి కోపం వస్తుందేమో అని ఫోనులో ముక్తసరిగా మాట్లాడతారు. కడుపునొప్పి, తలనొప్పి ఎక్కువగా ఈ వయసులోనే వస్తాయి. ఆ నొప్పి నటన కాదు, నిజంగానే నొప్పి ఉంటుంది. మనసు కలతపడితే పేగుల కదలిక మారుతుంది, కండరాలు బిగుసుకుంటాయి.

పన్నెండేళ్ళు దాటినవారు: కోపం, మౌనం, మార్కులు తగ్గడం, నిద్ర తప్పడం. "వాళ్ళ డబ్బులు మాకొద్దు, ఫోన్ చేయొద్దు" అంటారు. ఆ మాట వెనుక బాధ ఉంటుందని గ్రహించండి. ఫోను తీయకపోయినా వెళ్ళినవారు మానకుండా చేయాలి.

ముందుగా డాక్టరుకు చూపించండి

అంతా మనసు బాధే అని ఇంట్లోనే నిర్ణయించకండి. కడుపునొప్పితో జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం ఉన్నా, నొప్పి రాత్రి నిద్ర లేపుతున్నా వెంటనే చూపించాలి. పక్క తడిపే బిడ్డకు మూత్రంలో మంట ఉన్నా, దాహం విపరీతంగా ఉన్నా మూత్రపరీక్ష, చక్కెర పరీక్ష తప్పనిసరి. పరీక్షలలో ఏమీ లేదని తేలితే "ఏమీ లేదట, వేషాలు వేస్తున్నాడు" అని బిడ్డను తిట్టకండి. "రోగం లేదు, సంతోషం. ఇక నీ మనసులో ఏముందో చెప్పు బిడ్డా" అని పక్కన కూర్చోండి.

బిడ్డ "నేను చచ్చిపోతా" అన్నా, తనను తాను గాయపరచుకున్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు వద్దకు తీసుకురండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయం కోసం 1098 ఉంది.

ఒక ఆదివారం కథ

తొమ్మిదేళ్ళ బాబు ఒకడు ప్రతి ఆదివారం సాయంత్రం కడుపు పట్టుకొని ఏడ్చేవాడు. సోమవారం బడి ఎగ్గొట్టడానికని ఇంట్లోవారు అనుకున్నారు. సంగతి వేరు. తండ్రి సౌదీ వెళుతూ "ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తా" అని చెప్పాడు. బాబు ఆదివారం పొద్దున్నుండి ఫోను దగ్గరే కూర్చునేవాడు. ఫోను వస్తే రాత్రి ఎప్పుడో, చాలా వారాలు అసలు రాదు. సౌదీలో ఆదివారం పనిదినం, సెలవు శుక్రవారం. తండ్రి పని ముగించుకొని గదికి చేరేసరికి ఇక్కడ బాబు నిద్రపోయేవాడు. తల్లి వైపు వారు, తండ్రి వైపు వారు మాట్లాడుకోరు కనుక ఈ చిన్న సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. మేనమామ చొరవ తీసుకొని ఆ తండ్రితో మాట్లాడి, శుక్రవారం రాత్రి 8 గంటలకు పావుగంట అని కుదిర్చాడు. రెండు మూడు నెలలకు నొప్పి చాలావరకు తగ్గింది. పరీక్షల రోజుల్లో ఇంకా వస్తుంది.

దీనిలో ఎవరూ చెడ్డవారు కారు. నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం, ఆ మాటను సరిచేసే మనిషి లేకపోవడం, ఇవే ఆ బిడ్డకు నొప్పి అయ్యాయి. బిడ్డకు పెద్ద వాగ్దానాలు అక్కరలేదు. చిన్నమాట చాలు, కాని అది నిలబడాలి.

వెళ్ళే ముందు కాగితం మీద పెట్టుకోవలసినవి

మాటలు లేని దంపతులైనా ఇద్దరికీ కావలసిన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకొని ఈ విషయాలు రాసుకోవాలి. పాత తగాదాలను ఈ కాగితంలోకి తేకూడదు.

1. బిడ్డ ఎవరి వద్ద ఉంటాడు? పెంచే మనిషి పేరు స్పష్టంగా ఉండాలి. వారికి జబ్బు చేస్తే తరువాత ఎవరో కూడా రాయాలి.

2. ఫోను ఏ రోజు, ఏ గంటకు? మన గడియారంలో రాత్రి 8 అయితే దుబాయ్, మస్కట్‌లలో సాయంత్రం 6.30, సౌదీ, కువైట్, ఖతార్‌లలో 5.30. అమెరికాలోని డల్లాస్‌లో అదే రోజు ఉదయం, చలికాలంలో 8.30, వేసవిలో 9.30. లండన్‌లో చలికాలంలో మధ్యాహ్నం 2.30, వేసవిలో 3.30. బిడ్డ చదువు, నిద్ర, వెళ్ళినవారి డ్యూటీ రెండూ చూసుకొని నిర్ణయించండి. కొన్ని గల్ఫ్ దేశాలలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కనుక అక్కడ నడిచే యాప్ ఏదో ముందే తెలుసుకోండి.

3. ఫోను ఎవరిది? తల్లి ఫోనుకు తండ్రి ఫోను చేయడం ఇష్టం లేకపోతే తాత ఫోను గాని మేనమామ ఫోను గాని నిర్ణయించుకోండి. బిడ్డ మాట్లాడేటప్పుడు పక్కన నిలబడి వినడం, సైగలు చేయడం మానాలి.

4. డబ్బు ఎంత, ఏ తారీఖున, ఏ ఖాతాకు? బడి ఫీజు, మందుల ఖర్చు వేరుగా రాసుకోవాలి. డబ్బు ఆలస్యమైందని ఫోను ఆపకూడదు. ఫోను ఇవ్వలేదని డబ్బు ఆపకూడదు. ఈ రెండింటినీ ముడిపెట్టిన నాడు బిడ్డ తాకట్టు వస్తువు అవుతాడు.

5. సెలవులో వచ్చినప్పుడు బిడ్డ ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటాడు? ఒక్కసారిగా నెల రోజులు తీసుకువెళ్ళకండి. రెండేళ్ళ తరువాత చూసిన తండ్రి చిన్నబిడ్డకు కొత్త మనిషే. మొదట తెలిసిన ఇంట్లో కొన్ని గంటలు, తరువాత ఒక పగలు, ఆ తరువాత రాత్రి బస.

6. బిడ్డకు పాస్‌పోర్టు తీస్తారా, ఎవరి వద్ద ఉంటుంది? చిన్నపిల్లల పాస్‌పోర్టు దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడుగుతారు. ఒకరి సంతకం దొరకని పరిస్థితిలో వేరే ధృవీకరణ పత్రం ఇవ్వాలి.

7. ఈ కాగితాన్ని ఏడాదికొకసారి తిరిగి చూసుకోవాలి. మూడేళ్ళ బిడ్డకు రాసింది ఎనిమిదేళ్ళ బిడ్డకు సరిపోదు.

చట్టం ఏమంటుంది

ఇద్దరూ సంతకాలు చేసుకున్న కాగితం మంచిదే, కాని కోర్టు ఉత్తర్వుకు ఉన్న బలం దానికి ఉండదు. కావున కుదిరిన ఒప్పందాన్ని కోర్టు ద్వారా గాని లోక్ అదాలత్ ద్వారా గాని నమోదు చేయించుకోవాలి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తున్నాడో ఆ ప్రాంతపు కోర్టులోనే సంరక్షణ దరఖాస్తు వేయాలి. షాబాద్‌లో పెరుగుతున్న బిడ్డ విషయం రంగారెడ్డి జిల్లా కోర్టు పరిధిలోకి వస్తుంది. న్యాయమూర్తి ముందుగా చూసేది బిడ్డ మేలు. ఆలోచించి చెప్పగల వయసు వస్తే బిడ్డ ఇష్టాన్ని కూడా వింటారు. కోర్టు నియమించిన సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా బిడ్డను దాని పరిధి దాటించరాదు.

హిందూ కుటుంబాలకు 1956 చట్టం ప్రకారం ఐదేళ్ళలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండాలి. తండ్రి తరువాతనే తల్లి సంరక్షకురాలు అని ఆ చట్టంలో ఉన్న మాటకు 1999లో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. తండ్రి బ్రతికి ఉన్నా, బిడ్డ బాధ్యత చూడని స్థితిలో ఉంటే తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చు. క్రైస్తవ దంపతులు విడాకుల చట్టం కింద కోర్టుకు వెళ్ళినప్పుడు అదే కోర్టు పిల్లల సంరక్షణ గురించి కూడా ఉత్తర్వులు ఇవ్వగలదు.

మన పాఠానికి ముఖ్యమైన తీర్పు 2020 జనవరి 20న వచ్చింది. అమెరికాలో విడిపోయిన భారతీయ దంపతులకు చెందిన ఒక చిన్నపాప విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. బిడ్డ ఇటు అటు విసరడానికి వస్తువు కాదని, తల్లి ప్రేమ, తండ్రి ప్రేమ రెండూ పొందడం బిడ్డ హక్కు అని న్యాయమూర్తులు చెప్పారు. తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాలలో లేదా దేశాలలో ఉన్నప్పుడు, బిడ్డ తన వద్ద లేని తల్లికి గాని తండ్రికి గాని రోజూ 5 నుండి 10 నిమిషాలు బిడ్డతో మాట్లాడే అవకాశం ఉండాలన్నారు. వీడియో కాల్ గురించి కూడా ఆ తీర్పులో ఉంది. కనుక ఫోను ఇవ్వడం మనం చేసే దయ అనుకోకండి. అది బిడ్డకు రావలసినది.

బిడ్డను దొంగచాటుగా విదేశానికి తీసుకువెళ్ళడం, లేదా సెలవుకని తెచ్చి తిరిగి పంపకపోవడం గురించి కూడా తెలుసుకోవాలి. అలా దేశం దాటించిన పిల్లలను త్వరగా వెనక్కి పంపడానికి 1980లో హేగ్ ఒప్పందం ఏర్పడింది. భారతదేశం దానిలో చేరలేదు. కావున ఇటువంటి ప్రతి తగాదాలోను మన కోర్టులు బిడ్డ మేలును బట్టి విడిగా విచారిస్తాయి. విదేశీ కోర్టు ఉత్తర్వును పరిగణనలోకి తీసుకుంటాయి గాని అదొక్కటే చూడవు. ఆ విచారణ ఎంత కాలం పడితే అంత కాలం బిడ్డ బడి, భాష, స్నేహితులు అన్నీ ఊగిసలాటలో పడతాయి. ఏ తగాదా వచ్చినా ఈ పని చేయకండి.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోను నంబరు 15100. పోషణకు డబ్బు పంపకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద అడగవచ్చు. 2024 జూలై 1కి ముందు ఇది పాత చట్టంలో 125వ సెక్షన్. విదేశంలో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధృవీకరించిన అధికార పత్రాన్ని పంపితే, ఇక్కడి పనులు వారి తరఫున మరొకరు చూడవచ్చు.

హెచ్చరిక: కొట్టడం, తాగి హింసించడం, బిడ్డతో చెడుగా ప్రవర్తించడం వంటి కారణాల వల్ల విడిపోయిన చోట పైన చెప్పిన సలహాలు ఉన్నవి ఉన్నట్లుగా పాటించకండి. అక్కడ బిడ్డ క్షేమమే మొదటిది. ఫోను, కలయిక ఎలా ఉండాలో కోర్టు ద్వారానే నిర్ణయించుకోండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు

అమ్మమ్మ, నానమ్మ ఎంత ప్రేమగా పెంచినా చట్టం దృష్టిలో తమంతట తామే సంరక్షకులు కారు. ఆపరేషన్ సమ్మతి పత్రంపై తల్లి గాని తండ్రి గాని చట్టబద్ధ సంరక్షకులు గాని సంతకం చేయాలని ఆసుపత్రులు అడుగుతాయి. ప్రాణాపాయంలో సంతకం కోసం వైద్యం ఆపరు. కాని ముందే నిర్ణయించుకొని చేసే ఆపరేషన్‌కు ఈ కాగితం లేక రోజులు గడిచిపోతాయి. కనుక బిడ్డను పెద్దల వద్ద వదిలి వెళ్ళేవారు, వైద్యం విషయంలో వారు వ్యవహరించవచ్చని తెలిపే పత్రం రాసి ఇవ్వండి.

ఒక సంచిలో ఇవి ఉంచండి: ఆ పత్రం, బిడ్డ పుట్టిన తేదీ పత్రం, ఆధార్, ఆరోగ్యశ్రీకి పనికివచ్చే కార్డు, టీకాల కార్డు, పాత మందుల చీటీలు, తల్లిదండ్రులిద్దరి ఫోను నంబర్లు. ఐదేళ్ళు దాటాక డిపిటి బూస్టర్, పదేళ్ళకు, పదహారేళ్ళకు టిడి టీకా వేయించాలి. ఎవరో ఒకరు వేయించి ఉంటారని అనుకోవడం వల్ల ఇవి తప్పిపోతాయి. మరొక సంగతి. బిడ్డకు పడని మందు, తల్లి వైపు గాని తండ్రి వైపు గాని ఉన్న ఆస్తమా, మూర్ఛ, చక్కెర వ్యాధి వంటివి ఒక కాగితం మీద రాసి ఉంచండి. తండ్రి వైపు సంగతులు అడిగే వీలు లేక డాక్టరు చీకట్లో వైద్యం చేయవలసి వస్తుంది.

ఇంట్లో ఉన్నవారికి

బిడ్డకు నిజం చెప్పండి, వయసుకు తగినంత చెప్పండి. "బిడ్డా, మీ అమ్మ పని కోసం కువైట్ పోయింది. నువ్వు ఏ తప్పు చెయ్యలే. శుక్రవారం రాత్రి ఫోన్ చేస్తది" అంటే చాలు. "నిన్ను వదిలేసి పోయింది" అనకండి. ఆ మాట తల్లిని ఉద్దేశించి అన్నా, తాను వదిలేయదగిన బిడ్డనని పిల్ల అర్థం చేసుకుంటుంది. క్యాలెండర్ మీద ఫోను వచ్చే రోజుకు గుర్తు పెట్టించండి. వెళ్ళినవారి ఫోటో ఒకటి బిడ్డ పుస్తకాల దగ్గర ఉండనివ్వండి. బడి టీచరుకు సంగతి ఒక మాట చెప్పి ఉంచండి.

వెళ్ళినవారికి

"ఏం తేవాలి?" అనే ప్రశ్న ఒక్కటే అడగకండి. "ఈరోజు బడిలో ఎవరి పక్కన కూర్చున్నావు? పన్ను ఊడిందా?" అని అడగండి. చిన్న బిడ్డకు ఒక కథ సగం చెప్పి, మిగతా సగం వచ్చే ఫోనుకు ఉంచండి. ఫోను చేయలేని రోజు ముందుగానే చిన్న వాయిస్ మెసేజ్ పంపండి. ఇంట్లో ఎవరు వస్తున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు అని బిడ్డను ఆరా తీయకండి. వచ్చే తేదీ టికెట్ చేతికి వచ్చాకనే బిడ్డకు చెప్పండి.

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. మా బిడ్డకు చివరిగా ఇచ్చిన మాట ఏది? దానిని నిలబెట్టామా?
2. వెళ్ళినవారి పేరు మా ఇంట్లో చివరిసారి మంచిగా ఎప్పుడు పలికాము?
3. ఈ రాత్రి బిడ్డకు ఆపరేషన్ అవసరమైతే సంతకం ఎవరు చేస్తారు? ఆ కాగితం ఎక్కడ ఉంది?
4. రెండు కుటుంబాల మధ్య ఒక్క మాట మోయగల మనిషి ఎవరు? ఈ వారమే వారిని అడగగలమా?

నాలుగవ ప్రశ్నకు మీ ఇంట్లో ఒక పేరు దొరికితే మొదట ఆ పని చేయండి. మిగతావి ఆ మనిషి ద్వారా ఒక్కొక్కటిగా కుదురుతాయి.